రాజుల రహస్యాలకు అరలు చేసిన వడ్రంగి

బెర్లిన్ నగరమందలి అలంకార కళల మ్యూజియంలో ఒక బీరువా కలదు. దాని ఎత్తు మూడున్నర మీటర్లు. అనగా మనిషి నిలువుకు రెండింతలు. శిఖరాన గంటలు కొట్టు గడియారం, దాని క్రింద తలుపులు, సొరుగులు, వ్రాతబల్ల. తొలిచూపునకు అది బీరువా వలె గాక ఒక చిన్న మేడ ముఖభాగం వలె తోచును. కాని దాని విశేషం పైకి కనబడునది కాదు. తాళపుచెవి త్రిప్పి, ఒక బొత్తాము నొక్కినచో తలుపులు తమంతట తెరచుకొనును. సొరుగులు ఎవరును లాగకయే ముందుకు వచ్చును. చదువుకొనుటకు తగిన ఏటవాలు పలక లోపలి నుండి పైకి లేచును. ఒక అర తెరచిన దాని వెనుక మరొక అర, దాని ప్రక్కన ఇంకొకటి. ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ విలియం కొరకు 1779లో దీనిని సిద్ధపరచినవాడు డేవిడ్ రాంట్‌జెన్ అను జర్మన్ వడ్రంగి.

ఆ పేరు వినగానే విద్యార్థులకు ఎక్స్‌కిరణాలు గుర్తుకు వచ్చును. ఆ శాస్త్రజ్ఞుడు వేరు, ఇతడు వేరు. ఇతడు అంతకు నూరేండ్లకు పైగా ముందటివాడు. అతడు మూసియున్న దేహం లోపలి యెముకలను చూపినాడు. ఇతడు కండ్లెదుట నున్న కొయ్యలోనే కండ్లకు కానరాని గదులను కట్టినాడు.

డేవిడ్ 1743 ఆగస్టు 11న హెర్న్‌హాగ్ అను చిన్న పల్లెలో జన్మించినాడు. అది మామూలు పల్లె కాదు. మొరేవియన్ సోదరసంఘం అను క్రైస్తవ శాఖవారు తమ కొరకు తాము కట్టుకొన్న ఊరు. నిరాడంబర జీవనం, కలసి ప్రార్థించుట, చేతిపనిని దైవసేవగా భావించుట వారి నియమాలు. తండ్రి అబ్రహాం రాంట్‌జెన్ కూడ వడ్రంగియే. వయసులో హాలెండు నగరాలలోను, లండనులోను పనిచేసి, కొయ్యలో ఇత్తడిని, ముత్యపుచిప్పను పొదుగు విద్యను నేర్చినాడు. లండనులోనే ఆయనకు ఈ సంఘంతో పరిచయమైనది. ఆంగ్లేయుల పనితనం, మొరేవియనుల భక్తి, రెండును ఆయన వెంట జర్మనీకి వచ్చినవి.

1750లో స్థానిక ప్రభువునకు, సంఘానికి పొసగక హెర్న్‌హాగ్ నివాసులు ఊరు విడువవలసి వచ్చినది. రైను నది ఒడ్డున నున్న నాయ్‌వీడ్ సంస్థానాధిపతి మతస్వేచ్ఛ నిచ్చి నలుదెసల నుండి పనివారిని ఆహ్వానించుచుండెను. అబ్రహాం కుటుంబంతో అక్కడికి చేరి కొట్టు తెరచినాడు. ఏడేండ్ల డేవిడ్ తలకు ఆనాడే రెండు సంగతులు ఎక్కియుండవలెను: దేవుని ఎదుట ఆడంబరం కూడదు, ప్రభువుల కరుణ లేనిదే కొట్టు నడువదు. ఆ రెండింటి నడుమనే అతని జీవితమంతయు జరిగినది.

అబ్రహాం చేతిపనికి మేలిమచ్చు నేడు ఆమ్‌స్టర్‌డాం రాజ మ్యూజియంలో నున్నది. ట్రియర్ నగరపు ప్రధాన మతాధికారి, ప్రభువు కూడ నైన వాల్డర్‌డోర్ఫ్ కొరకు 1760 ప్రాంతాన చేసిన వ్రాతబల్ల అది. దంతం, ముత్యపుచిప్ప, ఇత్తడి పొదిగి, దాని నిండ దొంగ అరలను అమర్చినాడు. దొంగ అర అనునది మనకును క్రొత్త కాదు. పెద్ద భోషాణాలలోను, నగల పెట్టెలలోను అడుగుపలక క్రింద మరొక అడుగుపలక యుండుట మన ప్రాంతాల వడ్రంగులు, కంసాలులు ఎరిగినదే. ఇట్టి అరను కనిపెట్టు ఉపాయం గూడ తేలికయే, కావలసినది కొలబద్ద. బల్ల లోతు రెండడుగులుండి, బయటికి లాగిన సొరుగు అడుగున్నర మాత్రమే యుండినచో, తక్కిన అరయడుగు ఎక్కడికి పోయినది? సొరుగు గోడ బయట నుండి నాలుగంగుళాలు, లోపల నుండి మూడంగుళాలు లోతుండినచో, ఆ అంగుళంలో ఏమున్నది? వ్రేలితో తట్టిచూచిన ధ్వని కూడ చెప్పును. నిండుగా నున్న కొయ్య ఒకవిధంగా, వెనుక ఖాళీ యున్న పలక ఇంకొకవిధంగా పలుకును. పలుమార్లు నొక్కబడిన చెక్కడపు పువ్వు తక్కిన పువ్వుల కంటె నున్నగా నుండును. పాత సామాను బేరగాండ్రు ఈ ఆనవాళ్ళతోనే ధర కట్టుదురు.

డేవిడ్ తండ్రి దగ్గర చూచినది ఇదంతయు. అయితే తండ్రి దాచినది చాలునని అతనికి తోచలేదు.

ఏడేండ్ల యుద్ధం 1763లో ముగిసినది. ప్రభువుల ఖజానాలు వట్టిపోయినవి, కొనువారు తగ్గినారు. నాయ్‌వీడ్ కొట్టులో చేసిన సామాను చేసినట్లే నిలిచిపోయినది, అప్పులు పెరిగినవి. పెద్దవాడైన అబ్రహాం చేతిపనిలో దిట్టయే గాని వ్యాపారంలో కాదు. అప్పుడు డేవిడ్ ఒక సాహసం చేసినాడు. 1769లో హాంబర్గు నగరాన నిలువ సామానునే బహుమతులుగా పెట్టి లాటరీ నడిపినాడు. చీట్లు అమ్ముడైనవి, చేతికి డబ్బు వచ్చినది, అంతకంటె ముఖ్యంగా రాంట్‌జెన్ పేరు ఉత్తర జర్మనీ అంతట ప్రాకినది. కొట్టు నిలిచినది.

సంఘపు పెద్దలు మాత్రం సంతోషింపలేదు. లాటరీ జూదమని వారి మాట. ఇందులో ఒక చిత్రం కలదు. ఆ సంఘంవారు ముఖ్యమైన నిర్ణయాలకు, ఒక్కొక్కప్పుడు పెండ్లిండ్లకు సైతం, దేవుని యిచ్ఛ తెలిసికొనుటకు చీట్లు వేసెడివారు. దైవనిర్ణయానికి వేసిన చీటి పుణ్యం, అప్పు తీర్చుటకు వేసిన చీటి పాపం అయినది. పెద్దల దృష్టిలో తేడా స్పష్టమే. కాని నూరుమంది నోటికి అన్నం పెట్టవలసిన యువకునికి అది అంత స్పష్టంగా కనిపించి యుండదు. సంఘంతో అతని బంధం చాలా కాలం బిగువుగానే యుండెను. అయినను అతడు ఆ ఊరు విడువలేదు, ఆ విశ్వాసాన్ని వదలలేదు. 1772లో కొట్టు పూర్తిగా అతని చేతికి వచ్చినది.

ఇక అతని పనితనం సంగతి. ఆనాటి ఐరోపాలో కొయ్యపై బొమ్మలు తీర్చు పద్ధతి ఒకటుండెడిది. వేర్వేరు రంగుల కొయ్యను పలుచని పొరలుగా రంపంతో కోసి, పువ్వులు, ఆకులు, మనుష్యుల ఆకారాలుగా కత్తిరించి, బీరువా ముఖాన జిగురుతో అతికెడివారు. వెలుగునీడలు చూపవలసిన చోట కొయ్యను కాలిన ఇసుకలో ముంచి కొంచెం మాడ్చుటయో, సన్నని గీతలు చెక్కి నల్లని ముద్ద నింపుటయో చేసెడివారు. డేవిడ్ ఈ రెండింటిని క్రమంగా మానివేసినాడు. నీడ కావలసిన చోట నీడ రంగు గల కొయ్యతునకనే పొదిగినాడు. చెంప గుండ్రదనం కొరకు లేత రంగు నుండి ముదురు వరకు చిన్న చిన్న తునకలు వరుసగా కూర్చినాడు. చిత్రకారుడు కుంచెతో చేయు పనిని ఇతడు రంపంతో చేసినాడు. బొమ్మలకు నమూనాలు గీసి యిచ్చినవాడు జానువారియస్ జిక్ అను చిత్రకారుడు. లొరేన్ ప్రభువు చార్లెస్ యొక్క బ్రస్సెల్స్ భవనానికి 1779లో ఈ పద్ధతిని గోడంత పటాలే చేసి పంపినారు. అవి నేడు వియన్నా మ్యూజియంలో నున్నవి. దూరం నుండి చూచినవారు రంగులచిత్రాలనియే భ్రమపడుదురు.

పైపొర కథ ఇది. లోపలి కథ ఇంకను గొప్పది. తనంతట తెరచుకొను సొరుగు వెనుక ఉక్కుబద్ద యొకటి యుండును. సొరుగు మూసినప్పుడు ఆ బద్ద వంగి, తనలో బలాన్ని దాచుకొనును. ఒక కొక్కెం సొరుగును పట్టియుంచును. తాళపుచెవి తిరిగి కొక్కెం తప్పుకొనగానే బద్ద చాచుకొని సొరుగును ముందుకు త్రోయును. ఒకే తాళపుచెవిని కొంత త్రిప్పిన ఒక సొరుగు, మరికొంత త్రిప్పిన వేరొక సొరుగు తెరచుకొనునట్లు కొక్కాలను వరుసలో అమర్చుట వారి నేర్పు. చెప్పుటకు ఇంతే. కాని కొయ్య కోసిన తరువాత గూడ వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొనును. వెంట్రుకవాసి ఉబ్బినను ఉక్కుబద్ద బలం చాలదు, సొరుగు కదలదు. వెంట్రుకవాసి వదులైనను పలకల నడుమ సందు కనిపించి, రహస్యం బయటపడును. కనుక ఏండ్ల తరబడి ఆరిన కొయ్యను ఏరుకొని, ఎవరును చూడని వెనుకపలకలను సైతం చిత్రికపట్టి నునుపు చేసి, సొరుగుల మూలలు పళ్ళవలె కోసి ఒకదానిలో నొకటి బిగించెడివారు. రెండువందల యేండ్లు దాటినను ఆ సొరుగులు నేటికిని చప్పుడు లేక జారుచున్నవనిన, ఘనత మరలది మాత్రమే కాదు, ఆ వెనుకపలకలది.

అతని బల్లలలో ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో కలదు. మడతలు విప్పక ముందు సామాన్యపు బల్ల. ఒక మడత విప్పిన పేకాట బల్ల. ఇంకొకటి విప్పిన చదరంగపు బల్ల. దాగియున్న గొళ్ళెం తప్పించిన మరొక పాచికల ఆటకు పెట్టె లోపలి నుండి పైకి లేచును. కాళ్ళు మరచుట్లతో బిగించినవి. విప్పి గడ్డిలో చుట్టి బండికెక్కింప వచ్చును. నాయ్‌వీడ్ నుండి పారిస్‌కు, పీటర్స్‌బర్గ్‌కు సామాను పంపువానికి ఈ మరచుట్టు ఏ దొంగ అరకును తీసిపోదు. చూచువారు దీనిని మెచ్చరు, మోయువారు మెచ్చుదురు.

ఈ పనులన్నియు ఒక్కని చేతివి కావు. మంచి రోజులలో నాయ్‌వీడ్ కొట్టులో నూరుమందికి పైగా పనిచేసినారు. గడియారాలు, మరలు పీటర్ కిన్‌ట్సింగ్ అను గడియారాల పనివానివి. కంచుపై బంగారు పూత పూసిన అలంకారాలు పలుమార్లు పారిస్ నుండి, ఫ్రాన్సువా రెమోన్ అను పనివాని వద్ద నుండి వచ్చెడివి. డేవిడ్ వీరందరిని ఒక్క నమూనాకు లోబరచి, ఎవరి పని ఎక్కడ ముగిసి ఎవరి పని ఎక్కడ మొదలైనదో తెలియనీయక కూర్చినాడు. పొదుగుపని, ఉలిపని చేసిన చేతులలో నూటికి తొంబది పేరులేనివి. ఆ బీరువాలలో అన్నింటికంటె లోతుగా దాగినవారు వారే.

1779లో అతడు సామాను బండ్లతో పారిస్ చేరినాడు. పదునారవ లూయీ రాజు బెర్లిన్ బీరువా వంటిదానినే ఎనభై వేల లీవ్రులకు కొన్నాడని ప్రసిద్ధి. అట్టి మహాబీరువాలు మూడు చేసినారు: ఒకటి లొరేన్ చార్లెస్‌కు, ఒకటి ప్రష్యా యువరాజుకు, ఒకటి ఫ్రెంచి రాజుకు. విదేశీయుడు వచ్చి రాజుకు సామాను అమ్ముట చూచి పారిస్ వడ్రంగుల శ్రేణివారు మండిపడినారు. సభ్యత్వం లేనివాడు అమ్మరాదనిరి. డేవిడ్ తగవుకు పోలేదు. 1780లో రుసుము చెల్లించి శ్రేణిలో చేరి, పారిస్‌లోనే అంగడి తెరచినాడు.

రాణి మేరీ ఆంటోనెట్ కొరకు రాంట్‌జెన్, కిన్‌ట్సింగ్ కలసి చేసిన బొమ్మ ఒకటి కలదు. మన సంతూరు వంటి తంత్రీవాద్యం ముందు కూర్చుండిన స్త్రీ బొమ్మ అది. కీ యిచ్చిన రెండు చేతులతో చిన్న సుత్తులు పట్టి తంత్రులపై కొట్టును. తల త్రిప్పును, కండ్లు కదల్చును. ఎనిమిది పాటలు వాయించును. పాట పీపాలోనో, పెట్టెలోనో దాగి యుండి బొమ్మ ఊరక చేతులాడించునది కాదు. నిజంగా ఆ సుత్తుల దెబ్బలకే తంత్రులు మ్రోగును. 1785లో రాణి దానిని శాస్త్ర పరిషత్తుకు ఇప్పించినది. నేడు పారిస్‌లోని కళలు, పరిశ్రమల మ్యూజియంలో అది కలదు.

1784లో అతడు రష్యా పోయినాడు. కాథరిన్ చక్రవర్తిని వస్తువులు కొనుటలో చేయి వెడల్పు గలది. గ్రిమ్ అను పారిస్ పండితుడు ఆమెకు ఈతని గురించి ముందుగానే వ్రాసియుండెను. అపోలో విగ్రహం శిఖరాన గల పెద్ద వ్రాతబల్లను ఆమె ఎదుట విప్పి చూపినాడు. అడిగిన యిరువది వేల రూబుళ్ళకు మరి అయిదు వేలు కలిపి, పైగా బంగారు నస్యపుడబ్బీ ఇచ్చినదని చెప్పుదురు. తరువాతి అయిదారేండ్లలో ఆమె అతని వద్ద కొన్న సామానుతో గదులకు గదులు నిండినవి. అప్పటికి అభిరుచి మారినది. పువ్వుల పొదుగు తగ్గి, నునుపైన మహాగని కొయ్య, దానిపై బంగారుపూత కంచుపట్టీలు వచ్చినవి. డేవిడ్ ఆ మార్పును ఇతరుల కంటె ముందే పసికట్టినాడు.

ఇచ్చట ఒక సందేహం కలుగును. రహస్యపు అరను ఆస్థానమంతయు చూచుచుండగా తెరచి చూపిన తరువాత, అది రహస్యమెట్లగును? నిజమునకు ఆ రాజులు కొన్నది దాచుకొను చోటు గాదు; దాచుకొనుట అను వినోదం. నిజంగా దాచవలసి వచ్చినప్పుడు లూయీ రాజు ఆ బీరువాను నమ్మలేదు. తాళాల పని యందు ఆయనకే స్వయంగా మక్కువ. టుయిలరీ భవనపు గోడలో ఇనుప అర యొకటి చేయించి, ఉత్తరాలు అందులో పెట్టినాడు. దానిని చేసిన గామేన్ అను తాళాలవాడే 1792 నవంబరులో ప్రభుత్వానికి చెప్పివేసినాడు. ఆ కాగితాలు రాజుపై విచారణలో సాక్ష్యమైనవి. 1793 జనవరి 21న రాజు తల తెగినది.

ఆ కత్తివ్రేటు నాయ్‌వీడ్ కొట్టుకును తగిలినది. కొనువారిలో కొందరు చచ్చిరి, కొందరు పారిపోయిరి, తక్కినవారు డబ్బును బీరువాలపై కాక తుపాకులపై వెచ్చించిరి. విప్లవ ప్రభుత్వం డేవిడ్‌ను దేశం విడిచిన ద్రోహుల లెక్కలో చేర్చి పారిస్ అంగడి సామానును స్వాధీనపరచుకొన్నది. అదే ఏడు, 1793లో, తండ్రి అబ్రహాం హెర్న్‌హూట్‌లో కన్నుమూసినాడు. తరువాత ఫ్రెంచి సేనలు రైను దాటి వచ్చినవి. డేవిడ్ ఊరు విడిచిపోవలసి వచ్చినది, కొట్టు మూతపడినది. 1791లో ప్రష్యా రాజు ఇచ్చిన వాణిజ్య సలహాదారు బిరుదు మిగిలినది గాని, దానితో నూరుమందికి కూలి ముట్టదు. తిరిగి వచ్చిన తరువాత గూడ పూర్వవైభవం కుదురలేదు. 1807 ఫిబ్రవరి 12న వీస్‌బాడెన్ పట్టణంలో అతడు మరణించినాడు. వయస్సు అరువది మూడు.

పనివారు చెదరిపోయి ఎక్కడికక్కడ కొట్లు పెట్టుకొన్నారు. వారిలో హైన్రిక్ గాంబ్స్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడి గొప్ప పేరు సంపాదించినాడు. 1928లో ఇల్ఫ్, పెట్రోవ్ అను రష్యను రచయితలు ప్రచురించిన పండ్రెండు కుర్చీల నవలలో, వజ్రాలు దాగియున్న కుర్చీ గాంబ్స్ చేసినదే. రాంట్‌జెన్ శిష్యుని కుర్చీ గనుక లోపల ఏదో యుండి తీరునని ఆ రచయితలు తలచిరో లేదో గాని, ఎన్నిక మాత్రం చక్కనిది.

ఫ్రెంచి రాజు బీరువా నేడు లేదు. వియన్నాలోని చార్లెస్ బీరువా మార్పులకు లోనైనది. బెర్లిన్‌లోనిది నిలిచియున్నది. 2012లో మెట్రోపాలిటన్ మ్యూజియంవారు రాంట్‌జెన్‌ల పనులు చేర్చి ప్రదర్శించినప్పుడు అది సముద్రం దాటి న్యూయార్కు పోయివచ్చినది. దాని తలుపులు తెరచుకొను తీరును చలనచిత్రంగా తీయగా లక్షలాది జనం చూచినారు.

రెండు శతాబ్దాల వెలుతురు సోకి, పొదిగిన పువ్వుల ఎరుపు, నీలం, ఆకుపచ్చ అన్నియు వెలిసిపోవుట ఇట్టి సామానుకు సహజం. ఈనాడు మ్యూజియాలలో మనం చూచి మెచ్చుకొను హుందాయైన తేనెరంగు రాంట్‌జెన్ ఉద్దేశించినది కాదు. అతడు అమ్మినది పండుగనాటి ముగ్గు వలె కండ్లు మిరుమిట్లు గొలుపు రంగులు. వెలుతురు చొరని సొరుగుల లోపలి అంచులయందు, తలుపుల లోపలి వైపున, ఆ రంగులు కొంత నిలిచియుండును. మ్యూజియం పనివారు చేతితొడుగులు వేసికొని తాళపుచెవి త్రిప్పినప్పుడు అవి కాసేపు బయటపడును; సొరుగు మూయగానే మరల చీకటిలోనికి పోవును.